తిన్నది కిందకి దిగట్లేదు – నడిస్తే నిజంగా అరుగుతుందా, మా మామ్మ మాటేనా?

తిన్నదరగనోడు
నాకు 34. విజయనగరం మూడు లాంతర్ల దగ్గర్లో ఒక ఆఫీసులో కంప్యూటర్ పని. పొద్దున్న తొమ్మిదిన్నరకి కూర్చుంటే రాత్రి ఎనిమిదికి లేస్తా, మధ్యలో లేచేది టీకి, ఇంకోదానికి, అంతే. ఒక రెండు నెలల్నుంచి ఏం తిన్నా బొడ్డుకి పైన, రొమ్ముకి కింద ఇటుకరాయి పెట్టినట్టు ఉండిపోతోంది. మంట, పుల్లటి తేనుపులు, ఒక్కోసారి వికారం. ఇడ్లీ తిన్నా అంతే, బిర్యానీ తిన్నా అంతే. మా మామ్మకి 81, గజపతినగరం అవతల ఊళ్లో ఉంటాది. పొద్దున్నే పెద్ద గిన్నెడు చోడి అంబలి ఉల్లిపాయ కొరుక్కుని తాగీసి పెరట్లోకి పోతాది, పదకొండయ్యేసరికి ఆకలేత్తంది అని కేక. మొన్న ఆదివారం నా అవస్థ చూసి "నువ్వు కదలకపోతే నీ కడుపులో కూడేటి కదుల్తాదిరా ఎర్రిబాబూ" అంది. అప్పట్నుంచి బుర్రలో అదే తిరుగుతోంది. కాలు వేరు పేగు వేరు కదా, కాలు ఆడిస్తే పేగెందుకు ఆడాలి? సోడా అయింది, వాము అయింది, వజ్రాసనం కూడా వేసాను, అందులోంచి లేవడానికి మా ఆవిడ వచ్చి చెయ్యి ఇవ్వాల్సి వచ్చింది. తెలిసినవాళ్లు చెప్పండి.

సోంపేట కుర్రోడు
మామ్మ చెప్పీసాక ఇంక ఇక్కడ అడిగేదేటి మావా. టాపిక్ క్లోజ్

గంటస్తంభం గోపి
భుక్త్వా శతపదం గచ్ఛేత్ అని ఊరికే అనలేదు పెద్దలు, తిన్నాక వంద అడుగులు వెయ్యాలి. కూర్చుంటే పొట్ట మడతపడి తిన్నది అక్కడే ఆగిపోతుంది, నిలబడి నడిస్తే దాని బరువుకి అదే కిందకి దిగుతుంది. గ్రావిటీ అండీ, గొట్టంలో నీళ్లు పోసినట్టే.

నర్సమ్మ టెక్కలి
గొట్టాలు తర్వాత. తమ్ముడూ, ముందు నేనడిగినవాటికి చెప్పు. బరువు తగ్గావా? మలం నల్లగా తారులాగ వస్తోందా? మింగుతుంటే అడ్డుపడుతోందా? మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టు ఉంటోందా? ఇది ఎందుకంటే గుండెనొప్పిని గ్యాస్ అనుకుని రాత్రంతా సోడాలు తాగి పొద్దున్న మా దగ్గరకి వచ్చీవాళ్లని చాలామందిని చూసాను. ఏమైనా బిళ్లలు వాడుతున్నావా? రాత్రి ఎన్నింటికి తింటావు?

తిన్నదరగనోడు
అవేవీ లేవు సిస్టర్. మెట్లు బాగానే ఎక్కుతాను. బీపీ లేదు షుగర్ లేదు, బిళ్లలేవీ వాడను. రాత్రి ఇంటికొచ్చి స్నానం చేసి తినేసరికి పదిన్నర, పదకొండుకి మంచం ఎక్కి ఫోన్.

సోంపేట కుర్రోడు
పదిన్నరకి తినీసి పదకొండుకి తొంగుంటే కడుపేటి గోడౌన్ అనుకున్నావా, పొద్దున్న వరకు సరుకు దాచడానికి

నర్సమ్మ టెక్కలి
కుర్రోడు వెటకారంగా అన్నా మాట నిజమే. కడుపు పైభాగంలో ఒక బిగింపు ఉంటాది, పులుపు పైకి ఎగదన్నకుండా. కడుపు నిండుగా ఉన్నప్పుడు వెల్లకిలా పడుకుంటే ఆ బిగింపు మీద ఒత్తిడి పడి ఆమ్లం గొంతులోకి వస్తాది. తిన్నాక రెండు మూడు గంటలు ఆగి పడుకో. తప్పదు అంటే ఎడమ పక్కకి తిరిగి పడుకో, కడుపు ఆకారం వల్ల ఆ వైపు తిరిగితే పులుపు సంచి అడుగున ఉండిపోతాది. కుడివైపు తిరిగితే ఎక్కువవుతాది.

జువాలజీ మేడం
గోపిగారూ, వంద అడుగుల వరకు మీతో ఉన్నాను, గ్రావిటీ దగ్గర దిగిపోయాను. తలకిందులుగా వేలాడుతూ మింగినా ముద్ద కడుపులోకే పోతుంది (ఇంట్లో ప్రయత్నించకండి, పొలమారుతుంది). అంతరిక్షంలో తేలుతూ తినేవాళ్లకి కూడా అరుగుతోంది కదా, అక్కడ కిందేది పైనేది.

లంగాకి బొందు ఎక్కించడం చూసారా. పిన్నీసు గుచ్చి, వెనకాల గుడ్డ ముడుస్తూ ముందుకి తోస్తూ, మళ్లీ ముడుస్తూ మళ్లీ తోస్తూ. అన్నవాహిక, పేగు చేసే పని అచ్చం అదే. ముద్ద వెనకాల గోడ బిగుసుకుంటుంది, ముందర వదులవుతుంది. పాఠంలో పెరిస్టాల్సిస్ అంటాం. చిన్నపేగు పొడవు సుమారు ఆరు మీటర్లు, ఇరవై అడుగులు. చుట్టలు చుట్టుకుని ఉన్న అంత గొట్టంలో బరువుకి జారాలంటే సగం చోట్ల పైకి ఎక్కాలి, గ్రావిటీ అడ్డం పడుతుంది గాని సాయం రాదు.

గంటస్తంభం గోపి
సరే మేడం గ్రావిటీ వెనక్కి తీసుకుంటున్నా. వజ్రాసనం మాత్రం తీసుకోను.

కొండవెలగాడ బార్‌బెల్
అన్నా మరి నడవడం వరకు ఓకే గాని ఎక్కువ చేస్తే రివర్స్. మా ఊళ్లో చిన్నపిల్లలు కూడా బరువులు ఎత్తుతారు, మొదటి రోజు కోచ్ చెప్పే రూలు పొట్టనిండా తిని రావద్దు అని. నేను ఒకసారి వినలేదు, పెళ్లి భోజనం తినీసి గంటకే స్క్వాట్‌కి దిగాను. రెండో రెప్‌కి పప్పు, మూడో రెప్‌కి పనసకాయ కూర, ఏది ముందు తిన్నానో రివర్స్ ఆర్డర్‌లో గుర్తొచ్చింది

సోంపేట కుర్రోడు
😂😂 అరిటాకు కూడానా

డ్రిల్లు మాస్టారు
నేను శ్రీకాకుళంలో ఉంటాను, 33 ఏళ్లు బడిలో డ్రిల్లు చెప్పి రిటైర్ అయ్యాను, కొండవెలగాడ అబ్బాయి చెప్పింది అక్షరాలా నిజం. మా బడిలో ఒక ఏడాది టైంటేబుల్ వేసినాయన ఎవరోగాని భోజనం బెల్లు అవగానే ఆటల పీరియడ్ పెట్టీసాడు. పిల్లలు అన్నం తినీసి కబడ్డీకి దిగీవారు, పావుగంటకి ఒక్కొక్కడు డొక్క పట్టుకుని కూకుండిపోవడం, ఒకడైతే కోర్టు గీత మీదే కక్కీసాడు. నేనే వెళ్లి దెబ్బలాడి ఆ పీరియడ్ చివరికి మార్పించాను.

మరి నడక సంగతి. నాకు షుగర్ వచ్చి పదకొండేళ్లు. డాక్టరుగారు చెప్తే వినలేదు, మిషన్ కొనుక్కున్నాక నమ్మాను. ఒకే కొలత అన్నం, ఒకే పప్పు, తిని కుర్చీలో కూకుంటే గంటన్నరకి 228. మర్నాడు అదే తిండి తిని కోడి రామ్మూర్తి స్టేడియం చుట్టూ పావుగంట మెల్లగా తిరిగి వచ్చి చూస్తే 176. వారం రోజులు అలా మార్చి మార్చి చూసాను, అంకెలు అటూఇటూ అయ్యాయి గాని నడిచిన రోజు ఎప్పుడూ తక్కువే. కాలి కండ పనిచేస్తుంటే రక్తంలో చక్కెర అదే లాక్కుంటాదంట, ఇన్సులిన్ తలుపు తియ్యకపోయినా ఆ కండ దొడ్డిదారిన తీసుకోగలదంట. కాబట్టి అబ్బాయ్, కాలు వేరు పేగు వేరు అన్నావు చూడు, వేరే గాని రెండింటికీ వంటిల్లు ఒకటే.

పలాస పప్పు
మాస్టారూ వంటిల్లు డైలాగ్ 👌 కానీ ఆయన అడిగింది షుగర్ గురించి కాదు, తిన్నది దిగట్లేదని

డ్రిల్లు మాస్టారు
నిజమే, నేను నా సొంత రోగం చెప్పుకుంటూ పోయాను. వయసు.

బొబ్బిలి వీణ
నడిస్తే పేగు కదుల్తుందా అంటే నాకు గుర్తొచ్చేది నా ఆపరేషన్. పాప పుట్టినప్పుడు సిజేరియన్ చేసారు. రెండో రోజు నుంచి డాక్టరమ్మ వచ్చి అడిగేది ఒకటే ప్రశ్న, గ్యాస్ పోయిందా అని. పక్కన మా మావగారు, ఆడపడుచు మొగుడు, ఫ్లాస్కుతో వచ్చిన ఎదురింటాయన, అందరూ నా మొహంలోకే చూపు. నర్సు వచ్చి కుట్లు లాగుతున్నా లెగిసి నడువమ్మా నడువు అని వరండా చివరికి తిప్పీది. మూడో రోజు పొద్దున్న అయింది. మా అత్తగారు వరండాలోకి వెళ్లి "అయిపోనాదండీ, అయిపోనాది" అని చెప్పేసారు, పాప పుట్టినప్పుడు కూడా అంత సంబరం చూళ్లేదు.

సోంపేట కుర్రోడు
స్వీట్లు పంచలేదా అప్పా

నర్సమ్మ టెక్కలి
😀 మేం రోజూ అడిగే ప్రశ్నే అది. పొట్ట కోసినప్పుడు పేగు అలిగి కూకుంటాది, కదలదు. అది మళ్లీ పని మొదలెట్టిందని తెలిసేది గ్యాస్ పోతేనే. కానీ వీణగారూ, నిజం చెప్పాలంటే మిమ్మల్ని నడిపించింది పేగు కోసం ఒక్కటే కాదు, పడుకునే ఉంటే కాళ్లలో రక్తం గడ్డ కడతాది, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరతాది, అది మాకు ఎక్కువ భయం. పేగు చాలావరకు దాని టైముకి అదే లేస్తాది.

జువాలజీ మేడం
సిస్టర్ చెప్పిన "దాని టైముకి అదే" అన్నది ఈ టాపిక్‌కి అసలు తాళం. కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపికున్నవాళ్లు చదవండి.

మన ఒంట్లో కండలు ఒక రకం కాదు. చేతికి కాలికి ఎముకని పట్టుకుని ఉండేవి మనం చెప్తే వింటాయి. కడుపు గోడలో పేగు గోడలో ఉండే నునుపు కండలు మన మాట వినవు. పేగు గోడలోనే సొంత నరాల వల ఉంది, కోట్ల నాడీకణాలు, మెదడు నుంచి వచ్చే తీగలు తెంపినా అది బొందు తోసే పని ఆపదు. కడుపు నిమిషానికి సుమారు మూడుసార్లు అలలాగ బిగుసుకుని తిన్నదాన్ని చిలుకుతుంది, చిన్నపేగు ఇంకా తొందరగా. మీరు కూర్చున్నా నిలబడ్డా అది జరుగుతూనే ఉంటుంది. కాబట్టి మామ్మగారి మాట ఉన్నదున్నట్టు తీసుకుంటే తప్పు, మీరు కదలకపోయినా కూడు కదులుతుంది.

కానీ పూర్తిగా కొట్టిపారెయ్యలేం. రుబ్బురోలు కడుపుదే అయినా దానికి ఎంత రక్తం పంపాలి, ఎంత జోరుగా తిప్పాలి అన్నదానిలో ఒళ్లంతటి చెయ్యి ఉంది. మెల్లగా నడిస్తే కడుపు కొంచెం త్వరగా ఖాళీ అవుతుంది, తేనుపుతో గాలి బయటకి పోతుంది, పొట్ట బిగువు తగ్గుతుంది. గట్టిగా పరిగెడితే రక్తం కాళ్లకి పోయి కడుపుకి తగ్గుతుంది, అందుకే కబడ్డీ కోర్టులో వాంతులు.

ఇది కళ్లారా చూసినాయన ఒకడున్నాడు. 1822లో అమెరికాలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే కుర్రాడికి దగ్గర్నుంచి తుపాకీ పేలి పొట్టలో దెబ్బ తగిలింది. బతికాడు గాని కడుపులోకి కన్నం అలాగే ఉండిపోయింది. చూసిన సైనిక డాక్టరు విలియం బోమాంట్ ఆ కన్నంలోంచి పట్టుదారానికి మాంసం ముక్క, రొట్టె ముక్క కట్టి లోపలికి దించి గంటకోసారి బయటకి లాగి ఎంత కరిగిందో చూసేవాడు, బావిలో బొక్కెన వేసినట్టు. ఏళ్లతరబడి అదే పని, 1833లో అంతా అచ్చు వేసాడు. కడుపులో అరిగేది ఏదో రుబ్బుడు వల్లే కాదు రసం వల్ల అని గట్టిగా తేల్చింది ఆయనే, మెల్లటి శ్రమ అరుగుదలకి మంచిదని కూడా రాసాడు. కోపం వస్తే లోపల పని చెడిపోతోందనీ చూసాడు. రోజూ కన్నంలో దారం వేసి లాగుతుంటే సెయింట్ మార్టిన్‌కి కోపం రావడంలో వింతేముంది.

సోంపేట కుర్రోడు
పాపం మార్టిన్ కాఫీ తాగితే ఆ కన్నంలోంచి కారిపోదా మేడం

జువాలజీ మేడం
మొదట్లో కట్టు కట్టేవారు, లేకపోతే తిన్నది తాగింది బయటకి వచ్చేసేది. తర్వాత లోపలి పొర ఒకటి మడతపడి తలుపులాగ మూసుకుంది, వేలితో తోస్తే తెరుచుకునేది. ఆ కన్నంతోనే 1880 వరకు బతికాడు, పెళ్లి చేసుకుని పిల్లల్ని కన్నాడు.

కొండవెలగాడ బార్‌బెల్
మేడం ఒక డౌట్, మరి ఆకలేసినప్పుడు కడుపులో ఎలకలు పరిగెడతాయి కదా, ఏం లేకపోతే ఏం రుబ్బుతోంది అది

జువాలజీ మేడం
మంచి ప్రశ్న. అది ఊడ్చడం. తిన్నదంతా దిగిపోయాక గంటన్నర రెండు గంటలకోసారి కడుపు దగ్గర మొదలై చిన్నపేగు చివరి దాకా ఒక పెద్ద అల వెళ్తుంది, మిగిలిన పీచు, ముక్కా చెక్కా, సూక్ష్మజీవులు అన్నీ తుడుచుకుపోతుంది. ఖాళీ గొట్టంలో గాలీ నీళ్లూ కదిలే చప్పుడే మీ ఎలకలు. మళ్లీ ఏదైనా నోట్లో వేసుకున్నారంటే ఆ ఊడ్చడం ఆగిపోయి వంట మొదలవుతుంది.

పలాస పప్పు
అంటే నాలుగింటికి పకోడీ, అయిదుంపావుకి టీ బిస్కెట్టు, ఆరింటికి గుప్పెడు జీడిపప్పు తినేవాడి ఇంట్లో చీపురు పట్టేదే లేదన్నమాట. నా గురించి కాదు, ఊరికే అడిగాను

తిన్నదరగనోడు
పలాసగారూ అది నేనే. ఆఫీసు కింద పకోడీ బండి ఉంది

గంటస్తంభం గోపి
ఇదిగో అందరూ నడక నడక అంటున్నారు, వజ్రాసనంలో కాళ్లకి రక్తం తగ్గి కడుపుకి ఎక్కువ పోతుంది, మేడం చెప్పిన లెక్క ప్రకారమే. మా నాన్నగారు తిన్నాక పది నిమిషాలు వేసీవారు, 86 ఏళ్లు బతికారు.

జువాలజీ మేడం
తినగానే కడుపుకి రక్తం పంపడం ఒళ్లు తనంతట తానే చేస్తుంది, కాళ్లు మడిచి దారి మూయక్కర్లేదు. అయినా మీ నాన్నగారిని నేను తప్పు పట్టను. ఆ పది నిమిషాలు నిటారుగా కూర్చున్నారు, మంచం ఎక్కలేదు, సగం లాభం అక్కడే ఉంది. మోకాళ్లు సహకరిస్తే వేసుకోండి.

కొండవెలగాడ బార్‌బెల్
సహకరించకపోతే ఆవిడ చెయ్యి ఇవ్వాలి 😄

పలాస పప్పు
నాకు ఒక అనుమానం, మా ఇంట్లో ఉలవచారు చేస్తే రాత్రికి ఒకరి గదిలోకి ఒకరు వెళ్లం. అది అరగకపోవడమేనా

నర్సమ్మ టెక్కలి
కొంత అదే. ఉలవలు, అలసందలు, సెనగలు వీటిలో ఉండే ఒక రకం చక్కెరని విరగ్గొట్టీ రసం మన పేగులో లేదు. అది అలాగే పెద్దపేగుకి పోతే అక్కడి సూక్ష్మజీవులు పండగ చేసుకుని గ్యాస్ వదుల్తాయి. రాత్రంతా నానేసి ఆ నీళ్లు పారబోసి ఉడికిస్తే తగ్గుతాది. మీ జీడిపప్పుది వేరే కథ, దాన్లో కొవ్వు ఎక్కువ, కొవ్వు తగిలితే చిన్నపేగు కడుపుకి కబురు పెడతాది, ఆగు ఆగు మెల్లగా పంపు అని. బిర్యానీ రాత్రి వరకు ఉండిపోడానికీ, మామ్మగారి అంబలి బేగి దిగిపోడానికీ సగం కారణం అదే.

డ్రిల్లు మాస్టారు
మళ్లీ అడ్డొస్తున్నా, ఒక్క మాట చెప్పకపోతే నిద్ర పట్టదు. కాలు ఎత్తినా పేగు ముడుచుకున్నా ఖర్చయ్యే సొమ్ము ఒకటే, ఏటీపీ. కండలోంచి దాన్ని బయటకి తీసినవాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. హార్వర్డులో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్ (కండలో శక్తి దాచుకునే ఇంకో పదార్థం), 1929లో ఏటీపీ బయటపెట్టారు. ఇంకో చిత్రం, ఆయన అన్నదమ్ములు ఇద్దరు చనిపోయింది తిన్నది ఒంటికి పట్టని రోగంతోనే, స్ప్రూ. తర్వాత ఆయన ల్యాబులో తయారైన ఫోలిక్ యాసిడ్ ఆ రోగానికే మందు అయింది. కండ, పేగు రెండూ ఒక్క మనిషి బతుకులో కలిసాయి.

పలాస పప్పు
ఏటీపీ ఏటి మాస్టారూ?

సోంపేట కుర్రోడు
ఏటీపీ ఏటి అంటే ఏటీపీయే ఏటీ అని చెప్తే నీకేటి అర్థమవుతాది

మోడరేటర్
ఏటి గోల ఆపండి. టాపిక్‌లోకి రండి.

డ్రిల్లు మాస్టారు
చిల్లర డబ్బులు అనుకోండి. అన్నం, నూనె, పప్పు ఇవన్నీ బ్యాంకులో డిపాజిట్లు, కండకి అవి చెల్లవు, చిల్లర మార్చి ఇస్తేనే పని చేస్తాది. ఇంకో సంగతి, కండ లాగగలదే గాని తొయ్యలేదు. చెయ్యి ముడవడానికి ఒక కండ, చాపడానికి వెనకాల ఇంకో కండ. సిడ్నీలో 2000లో మన ఆమదాలవలస అమ్మాయి కరణం మల్లీశ్వరి 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తింది చూసారా, తలపైకి తోసినట్టు కనపడుతుంది గాని ఒంట్లో ప్రతి కండా లాగుడే. పిల్లలకి ఇది చెప్తే ఎవడూ నమ్మీవాడు కాదు.

తిన్నదరగనోడు
అందరికీ థాంక్స్. పకోడీ మానేసాను మూడు రోజుల్నుంచి, భోజనం తొమ్మిదికి మార్చాను. నడుద్దామనే ఉంది, అయితే నడుం నొప్పి ఒకటి ఉంది, కూర్చుని కూర్చుని పట్టేసింది. పొద్దున్నే బిళ్ల వేసుకుంటే గాని ఆఫీసుకి వెళ్లలేను, అది తగ్గాక నడక మొదలెడతా.

నర్సమ్మ టెక్కలి
ఆగు ఆగు. ఏ బిళ్ల? బిళ్లలేవీ వాడను అన్నావు కదా పైన.

తిన్నదరగనోడు
అది బిళ్ల అంటే బిళ్ల కాదు సిస్టర్, నొప్పిబిళ్లే. డైక్లో అని ఏదో ఉంటుంది, మందుల షాపతను ఇచ్చాడు. పొద్దున్న ఒకటి, ఎక్కువుంటే రాత్రి ఒకటి.

నర్సమ్మ టెక్కలి
ఎన్నాళ్లనుంచి? తిని వేసుకుంటున్నావా, పరగడుపునా?

తిన్నదరగనోడు
టీతో వేసుకుంటా. ఎన్నాళ్లంటే... రెండు నెలల పైన అయింది.

బొబ్బిలి వీణ
రెండు నెలలు. మొదటి పోస్టు ఒకసారి మళ్లీ చదవండి అందరూ

కొండవెలగాడ బార్‌బెల్
ఓర్నాయనో

నర్సమ్మ టెక్కలి
అందుకే అడిగాను మొదట్లో. తప్పు నీది కాదులే, ఓపీలో పదిమందిని అడిగితే ఎనిమిది మంది నొప్పిబిళ్లని మందుల లెక్కలో వెయ్యరు. విను. కడుపులో ఉండే ఆమ్లం మాంసాన్ని కరిగించేంత ఘాటు, అది మన కడుపునే కరిగించకుండా లోపల జిగురు పొర కాపు కాస్తాది. ఆ పొరని నిలబెట్టడానికి ఒంట్లో ఒక పదార్థం తయారవుతాది, నొప్పిని మంటని పెంచే పదార్థం కూడా ఆ కుటుంబానిదే. ఈ బిళ్ల ఆ కుటుంబం మొత్తాన్ని ఆపేస్తాది. నడుం నొప్పి తగ్గుతాది, కడుపు పొర పలచబడతాది. తిని వేసుకుంటే ఏం కాదు అనుకుంటారు, బిళ్ల రక్తంలో కలిసాక కూడా అదే పని చేస్తాది కాబట్టి తిన్నా పూర్తి రక్ష లేదు. నీ కడుపులో రాయి ఇదే అని నేను ఇక్కడినుంచి చెప్పలేను, పుండు పడిందో, ఇంకేదైనా ఉందో డాక్టరే చూడాలి. ఈ వారంలో వెళ్లు, ఆ స్ట్రిప్పు జేబులో పెట్టుకుని వెళ్లు. నల్లగా వెళ్తే వారం ఆగకు, ఆ రోజే.

సోంపేట కుర్రోడు
ఇంతసేపూ జోకులు వేసాను గాని ఇది జోక్ కాదు బ్రో. మాది ఉద్దానం. మా నాన్నకి డయాలసిస్ మూడో ఏడు. మా దగ్గర కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఇదీ కారణం అని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు, నీళ్లా ఎండా ఇంకేదైనానా అని. నొప్పిబిళ్ల వల్లే అని నేననను. కానీ కొబ్బరితోటలో పని చేసి ఒళ్లు నొప్పులని మా నాన్న ఆ బిళ్లలు పల్లీల్లాగ మింగీవాడు, పెద్ద డాక్టరుగారు ఫస్ట్ అడిగింది అదే, ఫస్ట్ ఆపించింది అదే. కిడ్నీకి పోయే రక్తం తగ్గించేస్తాదంట అది. ఆపీ

డ్రిల్లు మాస్టారు
నాయనా కుర్రోడా, నీ జోకుల వెనకాల ఇది ఉందని తెలీలేదు. నాన్నగారిని జాగ్రత్తగా చూసుకో.

తిన్నదరగనోడు
స్ట్రిప్పు తీసి చూసా, నిజంగానే అదే. రేపు సెలవు పెట్టా.

తిన్నదరగనోడు
అప్‌డేట్, దాదాపు నెల తర్వాత. వెళ్లాను. కెమెరా గొట్టం వేసి చూసారు, పుండు పడలేదు గాని లోపల అంతా ఎర్రగా ఒరుసుకుపోయి ఉందన్నారు, ఫోటో చూపించారు, మా మామ్మ వీపు మీద చెమటకాయల్లాగ చిన్న చిన్న ఎర్ర చుక్కలు. హెలికోబాక్టర్ అనే పురుగుకి కూడా టెస్టు చేసారు, లేదు. కిడ్నీ రక్తపరీక్ష నార్మల్. నొప్పిబిళ్ల ఆపించి ఆమ్లం తగ్గే మందు నాలుగు వారాలు ఇచ్చారు, అది కూడా ఇష్టమొచ్చినట్టు ఏళ్లతరబడి వాడకూడదు, చెప్పినప్పుడు ఆపెయ్యి అన్నారు. నడుంకి ఫిజియో దగ్గరకి పంపారు. ఆయన అన్నది ఏంటంటే నడుం తగ్గాక నడవడం కాదు, నడిస్తేనే నడుం తగ్గేది అని, నేను తిరగేసి పట్టుకున్నాను. గంటకోసారి కుర్చీలోంచి లేవమన్నాడు, ఫోన్‌లో అలారం పెట్టుకున్నా, ఆఫీసులో అందరూ నవ్వుతున్నారు. పెద్ద చెరువు గట్టున సాయంత్రం ఇరవై నిమిషాలు. ఇటుకరాయి పది రోజుల్లో సగం అయింది, ఇప్పుడు లేదు. నిన్న రాత్రి పదకొండుకి కడుపులో ఎలకలు పరిగెట్టాయి, మేడంగారి చీపురు అనుకుని పడుకున్నా.

బొబ్బిలి వీణ
మామ్మగారికి చెప్పారా మరి, ఆవిడ గెలిచినట్టా ఓడినట్టా

తిన్నదరగనోడు
చెప్పాను. బిళ్లల వల్లట మామ్మా, కదలకపోవడం వల్ల కాదంట అన్నాను. "మరి ఆ బిళ్లలు దేనికి మింగినావు?" అంది. నడుం నొప్పికి అన్నాను. "నడుమెందుకు నొప్పెట్టింది?" అంది. నేను ఫోన్ మా అమ్మకి ఇచ్చీసాను.

గంటస్తంభం గోపి
😂 నడుం నొప్పికి వజ్రాసనం కూడా

జువాలజీ మేడం
గోపిగారూ.

కొత్తవలస రవి
ఇదంతా చదివే ఓపిక లేదండి, నాకూ సేమ్ ప్రాబ్లం, తిన్నది దిగట్లేదు, కడుపులో మంట. బేగి పని చేసే బిళ్ల పేరు ఏదైనా చెప్పండి ప్లీజ్

నర్సమ్మ టెక్కలి
ముందు ఇప్పుడు మింగుతున్నవాటి పేర్లు చెప్పు రవీ. నొప్పిబిళ్లలతో సహా.